దస్రు మందిరానికి తెచ్చిన పుంటికూర

గార్ల పక్క తండాలో దస్రును ఎరగనివాళ్లు లేరు. ఎవరైనా ఉన్నా, ఆయనే వెళ్లి పరిచయం చేసుకుంటాడు. తండాలో ఏడో తరగతి గట్టెక్కిన మొదటి మనిషి. రెండుసార్లు వార్డు మెంబరు. మండలాఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగి తండాకు బడి తెచ్చినవాడు. ప్రార్థన మందిరానికి పునాది తవ్వినప్పుడు మొదటి గడ్డపార వేసింది ఆయనే, రేకులు మోసిందీ ఆయనే. ఇవన్నీ నిజాలు. అందుకే ఆయన గొప్పలు చెప్పుకుంటుంటే ఎవరూ అడ్డు చెప్పలేరు.

ఏటా కోతల పండుగనాడు విశ్వాసులు తొలిపంట తెచ్చి మందిరంలో పెడతారు. ఒకరు వడ్లు, ఒకరు మొక్కజొన్న, ఒకరు కోడిపుంజు. అందరికంటే ముందు దస్రు, భుజాన ఎర్రటి మిర్చి బస్తాతో నడుస్తాడు. బస్తా దించి సాక్ష్యం మొదలుపెడతాడు. "దేవునికి స్తోత్రం. గీ మిర్చికి నేనే నారు పోసిన, నేనే నాటిన, నేనే మందు కొట్టిన..." పాస్టర్ యుగేందర్ మధ్యలో గట్టిగా "ఆమేన్" అన్నా ఆ సాక్ష్యం ఆగదు.

ఈ ఏడు మిర్చికి తామర పురుగు పట్టింది. పూత పూతంతా రాలిపోయింది. తెల్లవారితే పండుగ. చేనులో బస్తా మాట అటుంచి, దోసెడు కాయలు లేవు.

శనివారం మధ్యాహ్నం భార్య భద్రమ్మ జొన్నరొట్టెలు కొడుతుంటే దస్రు మెల్లగా కదిపాడు.

"పక్క చేను ప్రేమ్‌సింగ్ కాడ ఒక బస్తా కొంటనే."

"కొని?"

"మందిరంల పెడ్త."

"మన పంటే అని చెప్తవా?"

"ఏం చెప్ప. పెడ్త, కూసుంట."

భద్రమ్మకు నవ్వాగలేదు. "నువ్వు మందిరంల నోరు మూస్కొని కూసుంటవా? దేవదూతలొచ్చి చెప్పినా ఎవరు నమ్మరు."

"నవ్వకు. ఉత్త చేతులతోని ఎట్ల పోవాలె? ఇన్నేండ్లు ముందు నడిచినోణ్ణి. ఇజ్జత్ పోదా?"

"బర్రె పాలిస్తుంది. ఇంట్ల తిండిగింజలున్నయి. ఇద్దరం కాళ్లు చేతులు ఆడంగ తిరుగుతున్నం. గివి ఉత్త చేతులా? చూడు, నువ్వా బస్తా ఎత్తుకున్నవంటే నీ పక్కన నేను నడవ."

ఆ మాటతో దస్రు రొట్టె సగంలో వదిలి చేనుకు పోయాడు.

మోటరు దగ్గర పైపు అతుకు ఈ కాలమంతా కారుతూనే ఉంది. సైకిల్ ట్యూబు చుట్టాడు, తీగ బిగించాడు, నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాడు. కారడం ఆగలేదు. ఆ తడిలో ఎర్రటి కాడలతో మోకాలెత్తు పుంటికూర, అదే గోంగూర, గుబురుగా లేచి ఉంది. విత్తినవాళ్లు ఎవరూ లేరు. రోజూ దాన్ని తొక్కుకుంటూనే మోటరు వేశాడు గానీ ఎన్నడూ కన్నెత్తి చూడలేదు. ఒక ఆకు తుంచి నోట్లో వేసుకున్నాడు. పులుపు నాలుకను జివ్వుమనిపించింది. నడుముకున్న తువ్వాల విప్పి నేల మీద పరిచాడు.

ఆదివారం పొద్దున వరుసలో అందరికంటే ముందు దస్రే. భుజాన పుంటికూర మోపు, పక్కన భద్రమ్మ.

"ఏందన్నా, మేకలకా?" అన్నాడు ప్రేమ్‌సింగ్ వెనక నుంచి. నలుగురు కిసుక్కుమన్నారు. దస్రు చెవులు వేడెక్కాయి. అయినా అడుగు ఆపలేదు. మోపు దించి జనం వైపు తిరిగాడు.

"దేవునికి స్తోత్రం. గిది నేను నాటలే. మందు కొట్టలే. పైపు పగిలితే నీళ్లు ఆపుదామని మస్తు కొట్లాడిన, గది గూడ నాకు చాతగాలే. అయినా దేవుడు మొలిపిచ్చిండు. మిర్చి పోయిందని నేను రంది పెట్టుకొని కూసున్న, ఆయన నా కాళ్లకాడనే కూర పెంచిండు. ఇన్నేండ్లు మిర్చి ఇచ్చింది గూడ ఆయననే. నేనే నేనే అని మిమ్మల్ని సతాయించిన. గంతే."

వెళ్లి కూర్చున్నాడు. ఆమేన్ అనడానికి పాస్టర్ ఇంకా సిద్ధంగానే లేడు. ముందు వరుసలో రుక్మిణి అవ్వ అటూ ఇటూ చూసింది.

"అయిపాయెనా? నేనింక కాళ్లు చాపుకోనే లే!"

మందిరమంతా ఘొల్లుమంది. పాస్టర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. దస్రు నవ్వీ నవ్వీ దగ్గాడు. ఆ తర్వాత అందుకున్న స్తుతిపాటకు కంజెర వాయించే మనిషి చేతులు నొప్పి పుట్టేదాకా ఎవరూ ఆపనివ్వలేదు.

ఆరాధన ముగిసేసరికి వంట చూస్తున్న సుమన పరుగున వచ్చింది. "దస్రు బాపూ, పప్పుల పులుపు చాలలే. నీ కూర తీస్కపోతున్నం." ఆడవాళ్లంతా చుట్టూ కూర్చుని ఆకు దూశారు. ప్రేమవిందులో ఆ పుంటికూర పప్పు కోసం జనం మాంసం బకెట్టును కూడా దాటిపోయారు. ప్రేమ్‌సింగ్ మూడోసారి విస్తరి చాపాడు. దస్రు గరిటె నిండా వడ్డించాడు.

ఏటా మొదటి పంక్తిలో కూర్చునే మనిషి, ఈసారి చివరిదాకా వడ్డిస్తూనే ఉన్నాడు. ఆయన వంతు వచ్చేసరికి గంజులో అడుగున ఉన్నదే మిగిలింది. భద్రమ్మ అందులోనే ఇంత అన్నం వేసి కలిపింది. చింతచెట్టు నీడలో ఇద్దరూ గంజు మధ్యన పెట్టుకొని, వేళ్లు నాకుతూ తిన్నారు.