అటక మీది పెట్టె

మా కొండల్లో ఇద్దరు నేస్తం కట్టుకున్నాక ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోరు. రెండు ఇళ్ల పెద్దల ముందు ఒకరి నెత్తిన ఒకరు పసుపు బియ్యం చల్లి, కొత్త తువ్వాళ్లు మార్చుకుంటే ఇక చచ్చేదాకా 'నేస్తం' అన్నదే పిలుపు. నా నేస్తం మా కొండవాడు కాదు. తొంభైల మొదట్లో కింద మైదానం నుంచి చింతపల్లి వచ్చి, జీపులు ఆగే చోట చిన్న రేడియో రిపేరు కొట్టు పెట్టుకున్నాడు. నేను దగ్గరి ఊళ్లో బడిపంతులుని. మా పెళ్లి రోజున మైకు సెట్టు కాలిపోతే, ఎవరూ పిలవకుండానే పనిముట్ల పెట్టె భుజాన వేసుకుని మూడు మైళ్లు నడిచి వచ్చి బాగుచేశాడు. ఆ మరుసటి ఏడు మేం నేస్తం కట్టుకున్నాం. కింద నుంచి వచ్చినవాడితో నేస్తరికమేమిటని మా పెద్దలు గొణిగారు. నేను వినలేదు.

పదేళ్లకు మా ఆవిడ చూపు పోయింది. కళ్లల్లో ఒత్తిడి పెరగడం వల్లనని విశాఖలో డాక్టరు చెప్పాడు. చెప్పేటప్పటికే ఆలస్యమైంది. అయినా ఆమె పొయ్యి వదల్లేదు, పెరడు వదల్లేదు. ముందు గదిలో ఉండే రేడియో ఆమెకు తోడు. వంటింట్లోకి వెళితే అది సరిగా వినపడేది కాదు. ఆ సంగతి నేను మాటవరసకి అన్నాను. నెల తిరక్కుండా నేస్తం విశాఖ వెళ్లి, తీగలు అక్కర్లేని స్పీకర్లు మూడు తెచ్చాడు. రేడియోకి తగిలించిన చిన్న పెట్టె ఒకటి పాటను గాల్లోకి పంపుతుంది. ముందు గదిలో ఒకటి, వంటింట్లో ఒకటి, వెనక వసారాలో ఒకటి, మూడు స్పీకర్లూ దాన్ని అందుకుని పాడతాయి.

రేడియో నుంచి ఒక తీగ లాగి, ఆ పెట్టెను నడిమింట్లో అటక మీద పెట్టాడు. కదలకుండా తన పాత చెప్పు అట్ట కోసి కింద వేశాడు.

"పైనుంటే దీనికి అడ్డుండదు నేస్తం. గాల్లో ఎల్లేదైనా దారి కావాల గదా" అన్నాడు. తర్వాత మా ఆవిడ చెయ్యి పట్టుకుని ఒక్కో స్పీకరు దగ్గరికీ నడిపించాడు. "ఇది వొంటిల్లు. ఇది వసారా. రేడియో నీ ఎనకాలే వొస్తాది సెల్లీ, నువ్వు దాని ఎనకాల ఎల్లక్కర్లేదు."

అలా అన్నాడు గానీ ఆమె ఆ చప్పుడు వెనకే నడిచేది. వంటింటి పాటను వీపు వెనక పెట్టుకుని, వసారా పాట వైపు అడుగులు వేసేది. పది రోజుల్లో గోడ పట్టుకోవడం మానేసింది.

ఇక నా సంగతి. కొత్తగా వచ్చిన ఇద్దరు మాస్టార్లు ఒక ఆదివారం మా ఇంటికి వచ్చారు. స్పీకర్లు చూసి, పాట ఎక్కడి నుంచి వస్తోందని అడిగారు. పాటను పంపే పెట్టె అటక మీద ఉందంటే చూడలేకపోయారు. వాళ్లు వెళ్లాక నేను పెట్టెను దించి, అందరికీ కనపడేలా నడిమింట్లో టీవీ బల్ల మీద, కింది అరలో పెట్టాను. దాని ఎర్రదీపం వీధి గుమ్మంలోకి కనపడేది. నాకు అది బాగుండేది.

డిసెంబరులో కాఫీ పళ్లు కోతకొచ్చాయి. మాకు రెండెకరాల తోట ఉంది. పళ్లు తొక్క తీసి, కడిగి, గింజల్ని పగలు వాకిట్లో ఆరబోస్తాం. పొద్దు వాలేసరికి మంచు దిగుతుంది కనక సగం ఆరిన గింజల్ని గోనెల్లోకి ఎత్తి ఇంట్లోకి తెస్తాం. ఎప్పుడూ నడిమింట్లోనే పేరుస్తాం. అక్కడ పొయ్యి సెగ తగులుతుంది. మా నాన్న కాలం నుంచీ అంతే.

అప్పటి నుంచే స్పీకర్లు ఆగడం మొదలుపెట్టాయి. ముందు గదిలోది బాగానే పాడేది. వంటింట్లోది గరగరమని, తెగి, మళ్లీ అందుకునేది. వసారాలోది పూర్తిగా మూగబోయేది. మా ఆవిడ గరిటె పట్టుకుని ఉన్నచోటే నిలబడిపోయేది. పాట మళ్లీ వచ్చేదాకా కదిలేది కాదు.

కబురు పెడితే నేస్తం మధ్యాహ్నం వచ్చాడు. అప్పుడు గింజలు వాకిట్లో ఉన్నాయి. మూడు స్పీకర్లూ చక్కగా పాడాయి.

"ఏటి నేస్తం, నన్ను సూసి బయపడి పాడతన్నాయా?" అని నవ్వాడు. ఆ నవ్వు ఆపి, బల్ల అరలో పెట్టెను చూశాడు. "దీన్నెందుకు దించినావు?"

చూపించుకోవడానికి దించానని చెప్పలేకపోయాను. "మీ చెల్లెలే దించమంది. మీటలు చేతికి అందాలంట" అన్నాను.

ఆమె అప్పుడు పెరట్లో ఉంది. అతను అటక వైపు ఒకసారి చూశాడు. "ఆయమ్మ అడిగితే సరే" అని, పెట్టెను అక్కడే ఉంచి మిగతావన్నీ విప్పాడు. అతుకులన్నీ మళ్లీ వేశాడు. చానెల్ మార్చాడు. తీరిక దొరికినప్పుడల్లా, అంటే పగలే, మరి మూడుసార్లు వచ్చాడు. ఒకసారి తన కొట్లో ఉన్న అడాప్టరు తెచ్చి మార్చాడు. అతను ఉన్నంతసేపూ పాడేవి. జీపెక్కి వెళ్లిన రెండు గంటలకి ఆగిపోయేవి.

నాలో ఒక పురుగు దూరింది. వచ్చినప్పుడు పాడి, వెళ్లాక ఆగడమేమిటి? అతని కొట్లో ఇలాంటి స్పీకరే ఒకటి విప్పి ఉండడం నేను చూశాను. మాకిచ్చినవి ఎవరో వాడి పడేసినవేమో, పైపైన అతికి తెచ్చాడేమో అనుకున్నాను. అలా అనుకోవడం సులువు. చిన్నప్పటి నుంచీ మా ఇళ్లల్లో విన్నది అదే కదా. కింద నుంచి వచ్చినవాళ్లు చింతపండు తూకంలో ఎలా కొట్టేవారో, ఉప్పు ఇచ్చి అడ్డాకులు ఎలా పట్టుకుపోయేవారో మా అమ్మ కథలా చెప్పేది. పదిహేనేళ్ల నేస్తరికం ఆ కథ ముందు నిలబడలేదు.

ఒక సాయంత్రం మా ఆవిడ వేడినీళ్ల గిన్నె పట్టుకుని వసారాలోకి వెళ్తుండగా పాట తెగిపోయింది. అడుగు గడపకు తగిలింది. నీళ్లు పాదం మీద పడ్డాయి. పాదం పొక్కింది.

ఆ వారం సంతకు వెళ్లి, జీపుల దగ్గర అందరూ వింటుండగా అన్నాను: "నేస్తమని నమ్మాను. గుడ్డి మనిషికని కూడా చూడకుండా పాత సరుకు అంటగట్టాడు."

ఒక ముసలాయన తల ఊపాడు. "కింద్నించి వొచ్చినోడు నేస్తమెలాగవుతాడు మాస్టారూ. నువ్వు సదూకున్నోడివే గానీ..."

అంతకన్నా ఎక్కువ ఎవరూ మాట్లాడలేదు. కానీ ఆ రోజే ఇద్దరు అతని కొట్టుకు వెళ్లి, బాగుచేయకుండానే తమ రేడియోలు వెనక్కి తెచ్చేసుకున్నారు. తర్వాతి సంతలకి మిగిలినవాళ్లూ అదే పని చేశారు. నర్సీపట్నం తీసుకెళ్లి చేయించుకున్నారు. నేస్తం నన్ను నిలదీయలేదు. మా ఇంటికి రావడం మాత్రం మానేశాడు. తప్పు చేసినవాడు రాడు కదా అనుకున్నాను. మోసపోయానన్న కసిలో ఒక రకమైన సుఖం ఉంటుంది. రెండు నెలలు ఆ సుఖంలో ఉన్నాను.

ఫిబ్రవరిలో కాఫీ గోనెలన్నీ జీపెక్కి వెళ్లిపోయాయి. ఆ సాయంత్రం స్పీకర్లు ఒక్కసారి కూడా ఆగలేదు. మర్నాడూ ఆగలేదు. మూడో రోజు మా ఆవిడ రాగులు చెరుగుతూ అంది: "గోనెలు పోయాక గొంతు బాగైంది దానికి. నాకే గాదు, దానికీ అడ్డే అవి."

ఆమె మామూలుగా అన్న మాట అది. నేను మాత్రం లేచి నడిమింట్లోకి వెళ్లి, గోనెలు పేర్చే చోటునీ దాని వెనక బల్ల అరలో ఉన్న పెట్టెనూ చూశాను.

పక్కింటివాళ్లు చివరి కోత గింజలు ఇంకా ఆరబెడుతున్నారు. తడి గోనెలు నాలుగు కాసేపు ఇమ్మని అడిగితే ఆ ఇంటాయన నవ్వాడు. "ఏటి మాస్టారూ, అమ్మేసిన కాఫీ మళ్లీ కొంతన్నావా?" నేనే మోసుకొచ్చి టీవీ బల్ల ముందు పేర్చాను. వంటింట్లో పాట తెగింది. తీసేశాను, వచ్చింది. మళ్లీ పేర్చి, ఈసారి పెట్టెను ఎత్తుకుని నిచ్చెనెక్కాను. అటక మీద ఆ చెప్పు అట్ట ముక్క ఇంకా అక్కడే ఉంది. పెట్టెను దాని మీద పెట్టాను. గోనెలు కింద ఉండగానే మూడు గదుల్లోనూ పాట సాఫీగా సాగింది. నేను చాలాసేపు నిచ్చెన దిగలేదు.

సంతరోజు జీపుల దగ్గర నిలబడి జరిగిందంతా చెప్పాను, తప్పు నాదేనని. "గోనెలు పాటని ఆపీసినాయా?" అని ఒక డ్రైవరు పకపకా నవ్వాడు. ముసలాయన, నేస్తాన్ని ఎనకేసుకొస్తన్నాడులే అన్నాడు. నా అబద్ధాన్ని ఒక్క పూటలో నమ్మినవాళ్లు నిజాన్ని నమ్మలేదు.

అక్కడి నుంచి నేస్తం కొట్టుకు వెళ్లాను. అరలన్నీ ఖాళీగా ఉన్నాయి. అతను ఒక టార్చి లైటు విప్పుకుని కూర్చున్నాడు. నా మాటలు బయటి నుంచే విన్నట్టున్నాడు.

"కూకోండి మాస్టారూ" అన్నాడు.

పదిహేనేళ్లలో అతని నోట నాకు ఆ పిలుపు రాలేదు. నేను 'నేస్తం' అని మొదలుపెట్టాను. అతను తల ఎత్తలేదు.

"పైనెట్టమని ఆయేళే సెప్పీసేవోణ్ని. ఆయమ్మ అడిగిందన్నారని ఊరుకున్నాను" అన్నాడు. టార్చి మూత బిగిస్తూ, "కాలు మానిందా?" అని అడిగాడు.

"మానింది."

"ఇనపడతన్నాయి గదా అన్నీ. సాలు."

ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ పొయ్యి దగ్గర ఉంది. వంటింటి స్పీకరులో వార్తలు వస్తున్నాయి. "ఏటన్నాడు అన్న?" అని అడిగింది. పెట్టె దించడం నుంచి అన్నీ చెప్పాను. చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఆమె మధ్యలో ఒక్క మాటే అడిగింది.

"నానడిగినానని సెప్పినావా?"

అవునన్నాను. ఆమె లేచి, చాలా నెలల తర్వాత గోడ పట్టుకుని నడిచి, స్పీకరు మీట నొక్కేసింది. ఆ సాయంత్రం చేత్తో తడుముకుంటూనే వంట ముగించింది. నేను గిన్నె అందించబోతే, అక్కర్లేదు, ఎక్కడుందో నాకు తెలుసు అంది.