అత్త పాడు చేసిన పది డిగ్రీలు

ఆ రోజుల్లో నాకు ఎండకన్నా మాట ఎక్కువ చురుక్కుమనేది. (ఇప్పుడూ అంతే, మా ఆవిడే సాక్ష్యం.) ఇంజనీరింగ్ ఆఖరి ఏడు. ఏసీ, కూలరు లేని ఇంట్లోకి మిద్దె గుండా ఎంత వేడి దిగుతుందో, లోపలి కప్పు ఏ గంటకు ఎంత కాగుతుందో ముందే లెక్కగట్టి చెప్పడం నా ప్రాజెక్టు. కళ్యాణదుర్గం పక్క పల్లెలో మామ కొత్తగా కట్టిన సిమెంటు మిద్దె అందుకు దొరికింది. నా లెక్క నిజమైతే మిద్దెకు చల్లగా సున్నం కొట్టిస్తానన్నాడు మామ. "తప్పితే మాత్రం ఈడ మళ్లీ ఆ నోటుబుక్కు తెరవగూడదప్పా" అన్నాడు, నలుగురి ముందు.

కప్పు లోపలివైపు ఉష్ణోగ్రత కొలిచే తీగ అంటించి, పొద్దున్నే కూర్చున్నాను. సిమెంటు మందం, ఎండ, గాలి అన్నీ లెక్కలో వేశాను. పైన ఒకటే ధబ్ ధబ్ చప్పుడు. ఓర్చుకోలేక అరిచాను, "అత్తా, నా లెక్క చెడిపోతాంది!" అని. "ఇంగ కొంచేపే అప్పా!" అంది అత్త పైనుంచి.

సాయంత్రం ఐదుకు నలభై ఆరు డిగ్రీలని గోడమీద బొగ్గుతో రాశాను. (కొత్త గోడ. మామ ఇంకా మరిచిపోలేదు.) ఐదయింది. మీటరు ముప్పై ఆరు దగ్గర నిలిచింది.

"ఏమప్పా ఇంజనీరూ, కడమ పది డిగ్రీలు యాడ పోయినాయి?" అన్నాడు మామ. పక్కింటివాళ్లు నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ వరసగా చెప్పగలను.

మీటరు చెడిందని, తీగ చెడిందని, చివరికి సిమెంటే కల్తీదని వాదించి, నిచ్చెనెక్కాను. మిద్దె నిండా మోకాలెత్తు చెనిక్కాయ కట్టె! కాయలు తెంపేసిన ఆ వేరుశనగ ఎండుమొక్కలను మేకలకు అందకుండా అత్త పొద్దున పైకెక్కించింది. ఎండంతా దాని మీదే ఆగిపోయింది.

"తొక్కొద్దు నాయనా, ఎద్దులు ముట్టవు!" అని అత్త కేక. "మా ఎద్దుల మేత నీ లెక్కలో లేదా అల్లుడా?" అని మామ.

మరునాడు కట్టె పొరను కూడా చేర్చి లెక్క వేస్తే ముప్పై అయిదున్నర వచ్చింది. గంతేశాను. "తప్పింది తప్పిందే" అని మామ నోటుబుక్కు అటకెక్కించాడు.

ఇప్పుడు ఇళ్ల డిజైన్లే నా బతుకు. ఎవరింటికి పోయినా మొదట నిచ్చెన అడుగుతాను. మామ దగ్గర మాత్రం ఓటమి ఒప్పుకోలేదు. పోయిన వేసవిలో అనంతపురంలోని మా మిద్దెమీద పరచడానికి ఆ ఊరినుంచే బండెడు కట్టె తెప్పించాను. మామ ఫోన్ చేసినాడు. "మీకు ఎద్దులు యాడుండాయప్పా?"

"కొంటాండా మామా" అన్నాను.

"ఒకటి ఉండాది కదా" అంది పక్కనుంచి మా ఆవిడ, నన్నే చూస్తూ. నాకూ నవ్వొచ్చింది. ఆ మాట మాత్రం గుర్తుపెట్టుకున్నాను.