మా మామగారి తోకచుక్క

పెళ్లయిన కొత్తలో అత్తారింట్లో అల్లుడికి దొరికే మర్యాద మామూలుగా కొన్నేళ్లయినా నిలుస్తుంది. నాకు దొరికినదాన్ని నేను ఒక్క ఫొటోతో ఊడ్చిపెట్టాను. ఎలాగో చెబుతాను. మీరు నవ్వుకోవచ్చు. అప్పుడూ అందరూ నవ్వారు, నేను తప్ప.

డిజిటల్ కెమెరాలు మన ఊళ్లకు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. నంద్యాలలో ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. పిల్లలకు నక్షత్రాల గురించి చెప్పీ చెప్పీ, వాటి సంగతంతా నాకు తెలుసనే భ్రమలో పడి పెద్ద కెమెరా ఒకటి కొన్నాను. ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని, ఆకాశాన్ని ఫొటోలు తీసేవాళ్లు 'స్టాకింగ్' అనే పని చేస్తారని తెలుసుకున్నాను. ఒకే ఆకాశాన్ని వరసగా బోలెడు ఫొటోలు తీయాలి. కంప్యూటర్లో ఒక సాఫ్ట్‌వేర్ వాటిని నక్షత్రం మీద నక్షత్రం పడేలా సర్ది, దొంతరగా పేర్చి, ఒకే ఫొటోగా చేస్తుంది. కంటికి కనపడని వెలుగులు కూడా బయటపడతాయి. చదవడానికి దోసె పోసినంత తేలిక.

చేయడం వేరే సంగతి. మా కంప్యూటర్ పేర్చడం మొదలుపెడితే ఆదివారం మధ్యాహ్నమంతా ముసలి గేదెలా రొప్పేది. సరిగ్గా అయిపోవచ్చే వేళకు కరెంటు పోయేది. మళ్లీ మొదటికి. తీరా వచ్చిన బొమ్మ బూడిదరంగులో ఉండేది. కాస్త రంగు తెద్దామని అదీ ఇదీ జరిపితే ఊదాగా మారేది. మా ఆవిడ సుజాత తొంగిచూసి, "ఇది ఆకాశమా, వంకాయ పులుసా?" అని అడిగి వెళ్లిపోయేది.

తప్పంతా నంద్యాల వీధి దీపాలదేనని తేల్చి, ఒక శనివారం అత్తగారి ఊరు ఆళ్లగడ్డకు వెళ్లాను. చలికాలం, చందమామ లేని రోజులు. పొద్దుగూకగానే మిద్దె మీద స్టాండు నిలబెట్టి తూర్పు ఆకాశాన్ని వరసపెట్టి తీశాను. మా మామ ఓబుళరెడ్డి గారు రైతు. ఆయన పొలం, ట్రాక్టరు, మీసం అన్నీ పెద్దవే. ఒకసారి పైకి వచ్చి చూసి, "ఏందప్పా, ఆకాశం యాడికన్నా పోతాదా, అన్ని ఫొటోలు తీస్తాండావ్?" అని దిగిపోయారు.

నంద్యాల వచ్చి పేర్చాను. ఈసారి కరెంటు పోలేదు. పోయి ఉంటే ఎంత బాగుండేది! నక్షత్రాలన్నీ చక్కని చుక్కలుగా వచ్చాయి. వాటి మధ్య సన్నని ఎర్రని గీత. సాఫ్ట్‌వేర్ సర్దిన ఫొటోలను ఒకదాని తర్వాత ఒకటి తిప్పి చూశాను. నక్షత్రాలు కదలడం లేదు, ఒక ఎర్ర చుక్క మాత్రం వాటి మధ్యనుంచి నింపాదిగా నడిచిపోతోంది. తోకచుక్క. అదీ కొత్తది.

నెమ్మదస్తుడైతే ఇంకోసారి ఆకాశాన్ని తీసి, తెలిసినవాళ్లను అడిగేవాడు. నేను ఆళ్లగడ్డకు ఫోన్ చేసి, "మామా, కొత్త తోకచుక్క దొరికింది. మీ పేరు పెడతాండా," అన్నాను.

అవతల ఆయన గొంతు సవరించుకుని, "ఇంటిపేరు కూడా పెట్టు," అన్నారు.

ఇంక ఊరంతా పాకింది. మామ ట్రాక్టరు ట్రాలీ వెనక తోకచుక్క బొమ్మ వేయించారు. నేను వెళ్లేసరికి రుద్రవరం నుంచి బంధువులు దిగి ఉన్నారు. అందరూ మెడలెత్తి యాడుందని అడిగితే, అది కెమెరాకే కనపడుతుందని సర్దిచెప్పాను. కంటికి కనపడనిదానికి ఎవరి పేరు పెడితే ఏందని రుద్రవరం నుంచి వచ్చిన ఒక పెద్దాయన గొణిగాడు గానీ, మామ ఆయన చేతిలో లడ్డూ పెట్టి నోరు మూయించారు. సాయంత్రం ఇంటి ముందు సన్మానం. శాలువా నాకు కాదు, మామకు. దండ వేసే సమయానికి కరెంటు పోయింది. లాంతరు వెలుగులోనే కెమెరాను స్టాండుకెక్కించి, ఎవరినీ కదలొద్దని చెప్పి, ఒక్కొక్కరి వైపు తిప్పుతూ, ఎక్కువసేపు వెలుగు పడనిచ్చి ఫొటోలు తీశాను.

నంద్యాలలో వాటిని కంప్యూటర్లో చూస్తూ సుజాత, "మా నాయన ముక్కు మీద ఎర్రగా ఏందది?" అంది. దోమ కుట్టిందేమో అన్నాను. తర్వాతి ఫొటోలో అది లడ్డూ మీద ఉంది. ఆ తర్వాతిదాంట్లో రుద్రవరం పెద్దాయన తలపాగా మీద.

"మీ తోకచుక్క మా ఇంటికే వచ్చినట్టుండాదే," అంది.

ఫొటోలన్నీ మళ్లీ తిప్పి చూశాను. అన్నిట్లోనూ అది ఒకే చోట, నడిమికి కాస్త ఎడంపక్కన. సర్దకముందటి ఆకాశం ఫొటోలు తెరిచాను. వాటిలోనూ అదే చోట. అది ఎక్కువసేపు వెలుగు పడనిస్తే బయటపడే కెమెరా లోపలి మచ్చ! ఆకాశం తిరుగుతుంటే, నక్షత్రాలను కలపడానికి సాఫ్ట్‌వేర్ ఒక్కో ఫొటోను కాస్త కాస్త జరిపింది. ఫొటోతోపాటు మచ్చా జరిగి, నడిచినట్టు కనపడింది. ఇలాంటివి పోవాలంటే కెమెరాకు మూత పెట్టి, మచ్చలు తప్ప ఏమీ పడని చీకటి ఫొటోలు కూడా కొన్ని తీసి సాఫ్ట్‌వేర్‌కు ఇవ్వాలని ఇంటర్నెట్లో ముందే రాశారు. మూత పెట్టి ఫొటో తీసే తెలివితక్కువవాడు ఎవడుంటాడని నేను ఆ పేరా దాటేశాను.

ఆళ్లగడ్డ వెళ్లి, మంచం పట్టె మీద అంచున కూర్చుని, కెమెరా చూపిస్తూ అంతా చెప్పాను. మామ మీసం దువ్వుకుంటూ విన్నారు.

"అంటే తోకచుక్క ఆకాశంలో లేదు," అన్నారు చివరికి.

"లేదు మామా."

"నీ కెమెరాలో ఉండాది."

"అవును మామా."

ఆయన చేయి చాచారు. "నా పేరు పెట్టినాక అది నాది. కెమెరా ఈడ పెట్టి పో."

పెట్టి వచ్చాను. అది ఇప్పటికీ వాళ్ల బీరువాలో తాళం వేసి ఉంది. చుట్టాలొస్తే బయటికి తీసి చూపిస్తారట.

కాబట్టి నంద్యాల, ఆళ్లగడ్డ ప్రజల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఆకాశంలో నాకు ఏది కనపడినా, అది పట్టపగటి సూర్యుడైనా సరే, ముందు సుజాతను పిలిచి చూపిస్తాను. ఆమె ఉందంటేనే ఉంది.