బానెట్ వెనక గొంతు

నమ్మితే నమ్మండి, లేకపోతే నవ్వుకోండి. కానీ ఇది ఎవరో చెబితే విన్నది కాదు. నాకు జరిగింది. దేవుడి పటం ముందు నిలబెట్టి అడిగినా ఇదే చెబుతాను... ఒక్క ముక్క మార్చకుండా.

నేను దయ్యాలంటే భయపడే రకం కాదు. మాది తెనాలి దగ్గర. ఉద్యోగానికి వచ్చి అమీర్‌పేటలో ఉండిపోయాను. కంప్యూటర్ కోర్సులు నేర్పే ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెబుతాను. రోజంతా అరిచి అరిచి సాయంత్రానికి నా గొంతే నాకు వినపడదు. ఇక దయ్యాల గొంతులేం వింటాను?

ఆ రోజు మా సుజాతక్క ఆస్పత్రిలో ఉంది. బంజారా హిల్స్‌లో. గుండె ఆపరేషన్. మర్నాడు పొద్దున చేస్తామన్నారు. చీకటి పడుతుండగా ఉన్నట్టుండి అక్కకు బాగా లేకుండా పోయింది. బావ ఫోన్ చేశాడు. ఇప్పుడే లోపలికి తీసుకెళ్ళాలంటున్నారట. "నిన్ను చూసి గానీ వెళ్ళనంటోంది. తొందరగా రా అమ్మా" అన్నాడు. బావ గొంతు వణకడం నేను అదే మొదటిసారి వినడం. అమ్మ పోయాక నాకు జడలు వేసి, అన్నం కలిపి పెట్టి పెంచింది అక్కే. 

క్లాసు మధ్యలో వదిలేసి మెట్ల మీదుగా సెల్లార్‌లోకి పరిగెత్తాను. బయట కుండపోత వాన. కరెంటు పోయింది. సెల్లార్‌లో కన్ను పొడుచుకున్నా కనపడని చీకటి. ఎక్కడో పైపులోంచి నీళ్ళు కారుతున్నాయి... టప్... టప్... అని. ఫోన్ వెలుగులో కారు వెతుక్కుని కూర్చున్నాను. తాళం తిప్పాను.

టిక్.

అంతే. మళ్ళీ తిప్పాను. టిక్. స్టీరింగ్ వెనక మీటర్ల లైట్లు ఆరిపోయే దీపంలా మినుకుమన్నాయి.

క్యాబ్ కోసం చూశాను. వచ్చినట్టే వచ్చి రద్దయిపోతోంది. నా కారు ఎప్పుడూ చూసే మెకానిక్ యాదగిరికి ఫోన్ చేశాను. అతనిది పంజాగుట్ట సందులో షెడ్డు. టిక్ అని ఒక్కసారే వస్తుందా, టికటికమని వరసగా వస్తుందా అని అడిగాడు. హారన్ కొట్టమన్నాడు. కొట్టాను. గొంతు పోయిన కాకిలా అరిచింది. అతను ఫోన్‌లోనే విని, "గది బ్యాటరీ కాడనే ఉన్నది మేడం. ఏం ముట్టకుండ్రి, నేనొస్తున్న" అన్నాడు.

లోపల ఒకటే ఉక్క. డ్రైవర్ వైపు తలుపు బార్లా తెరిచి పెట్టి కూర్చున్నాను. ఈ తలుపు సంగతి గుర్తుపెట్టుకోండి.

ఎంతసేపయిందో తెలియదు. నాకు యుగంలా ఉంది. ఎదురుగా చీకట్లో ఒక చిన్న వెలుగు కనిపించింది. నేల వైపు దించి పట్టుకున్న టార్చి. మనిషి కనిపించలేదు. వెలుగు కారు ముందుకు వచ్చి ఆగింది.

"బానెట్ తియ్యి."

హమ్మయ్య అనుకున్నాను. కింద మీట లాగాను. బానెట్ పైకి లేచింది. మీలో కారు నడిపేవాళ్ళకు తెలుసు... బానెట్ లేపితే సీట్లోంచి ఏమీ కనపడదు. అద్దం నిండా రేకు గోడ. దాని కింద సన్నని సందు. ఆ సందులో వెలుగు అటూ ఇటూ కదులుతోంది. అంతే.

"కొట్టు."

సెల్ఫ్ కొట్టమని. తిప్పాను. ఈసారి ఇంజను తిరిగింది. కుర్ర్ర్... కుర్ర్ర్... కానీ అందుకోలేదు.

"ఆపు."

ఆపాను. ఇక్కడే నా తెలివి తెల్లారింది. యాదగిరి నన్ను ఏనాడూ "మేడం" లేకుండా పిలవలేదు. ఈ మనిషి మేడం అనలేదు. అక్కా అనలేదు. తియ్యి, కొట్టు, ఆపు... అంతే. హైదరాబాదీలెవరైనా అక్కడే తలెత్తి చూసేవాళ్ళు. నేను చూడలేదు. మా వైపు వాళ్ళకు ఒక జబ్బుంది. ప్రతి మాట చివరా "అండి" వినపడకపోతే, ఇక్కడివాళ్ళ మాట తీరే అంత, మొరటు అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. తడిసి వచ్చాడు, చిరాగ్గా ఉన్నట్టున్నాడు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

"కొట్టు."

కుర్ర్ర్... కుర్ర్ర్...

"ఆపు."

మధ్యలో బావ మళ్ళీ చేశాడు. ఎక్కడున్నావు అన్నది ఒక్కటే వినపడింది. సెల్లార్‌లో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది కదా, తెగిపోయింది. ఇక లాభం లేదు, రోడ్డు మీదికి పోయి ఏ ఆటోవాడి కాళ్ళో పట్టుకుందాం అని ఎడమ చేత్తో బ్యాగు తీసుకుని, కుడికాలు కింద పెట్టాను.

"అయిపాయె. ఒక్కసారి కొట్టు."

కాలు లోపలికి తీసుకున్నాను. కొట్టాను. అందుకోలేదు. కాసేపాగి మళ్ళీ కాలు కింద పెట్టాను. మెల్లగా... చప్పుడు కాకుండా.

"అయిపాయె. ఒక్కసారి కొట్టు."

అదే గొంతు. పెద్దగా కాదు, చిన్నగా కాదు. తొందర లేదు. విసుగు లేదు. నేను దిగబోయిన ప్రతిసారీ అదే మాట. మళ్ళీ అదే ఆశ. ఎన్నిసార్లు కొట్టానో నాకు లెక్క లేదు.

అప్పుడు ఫోన్ మోగింది. యాదగిరి.

అదేంటి, ఎదురుగా ఉండి ఫోన్ చేస్తాడేంటి అనుకుంటూనే ఎత్తాను.

"మేడం, పంజాగుట్ట చౌరస్తల ఇరుక్కున్న. నీళ్ళు మస్తుగ ఉన్నయి. బండి ఆడనే పెట్టి నడ్సుకుంట వస్తున్న. జర ఓపిక పట్టుండ్రి."

అతని వెనక హారన్లు. వాన. ఎవరో తిట్టుకుంటున్నారు.

 ఫోన్ చెవి దగ్గరే ఉంది. కళ్ళు మాత్రం ఆ సందు మీద ఉన్నాయి. కదులుతున్న వెలుగు... ఆగిపోయింది. పైపు నీళ్ళ చప్పుడు కూడా వినపడటం లేదు. లేక నాకే వినపడలేదో.

"కొట్టు."

ఇప్పుడు చెప్పబోయేది మీకు పిచ్చిగా అనిపిస్తుంది. నేను... కొట్టాను. అరవలేదు, పారిపోలేదు. నా చెయ్యి దానంతట అదే తాళం తిప్పింది. ఇంజను తిరిగింది. కుర్ర్ర్... కుర్ర్ర్... కుర్ర్ర్...

ఈసారి "ఆపు" అనలేదు.

వెలుగు ఆరిపోయింది. అడుగుల చప్పుడు లేదు. నేను సీటుకు అతుక్కుపోయాను. దిగితే కారు ముందు నుంచే నడవాలి. ఆ పని నా వల్ల కాలేదు. 

యాదగిరి వచ్చేసరికి నేను అలాగే ఉన్నాను. నిలువునా తడిసి ఉన్నాడు. వస్తూనే బానెట్ ఎవరు లేపారని అడిగాడు.  వంగి ఫోన్ వెలుగు వేసి చూశాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు.

"మేడం, గిట్లనే సెల్ఫ్ కొట్టిండ్రా?"

కొట్టాను, ఇంజను తిరిగింది, చాలాసార్లు తిరిగింది అన్నాను.

"ఎట్ల తిరుగుతది? బ్యాటరీ వైరే ఊడి పక్కకున్నది. గిది లేకుంటే లైటు సుత రాదు."

నేను తాళం తిప్పి చూశాను. నిజమే. లైటు లేదు, టిక్కు లేదు. చచ్చినట్టు పడి ఉంది. అతను వైరు గీకి, బిగించి, "ఇప్పుడు కొట్టుండ్రి మేడం" అన్నాడు. నా చెయ్యి తాళం మీదికి వెళ్ళలేదు. ఎంత ప్రయత్నించినా వెళ్ళలేదు. అతనే వచ్చి, నా పక్క నుంచి చెయ్యి పెట్టి తిప్పాడు. ఒక్క దెబ్బకు స్టార్టయింది.

ఆస్పత్రి దాకా అతనూ పక్కన కూర్చుని వచ్చాడు.  నేను వెళ్ళేసరికి అక్కను లోపలికి తీసుకెళ్ళిపోయారు. అక్క మళ్ళీ కళ్ళు తెరవలేదు.

బ్యాటరీ దొంగ అంటారు మా ఇన్‌స్టిట్యూట్‌లో. సెల్లార్లలో అలాంటివాళ్ళు తిరుగుతారట. నేను సీట్లోంచి లేవకుండా మాటల్లో పెట్టాడట. సరే, దొంగే అనుకుందాం. బ్యాటరీ ఎందుకు వదిలేశాడు? ర్యాంపు పైన, మెట్లు కూడా కనపడేచోట వాన తప్పించుకుని కూర్చున్న వాచ్‌మన్‌ను అడిగితే, యాదగిరి తప్ప పిట్ట కూడా దిగలేదు, ఎక్కలేదు అన్నాడు. అది కూడా పోనీయండి. బానెట్ నాకెంత అడ్డమో అవతలివాడికీ అంతే అడ్డం. తలుపు ముందే తెరిచి ఉంది, తీసిన చప్పుడు వినే వీలూ లేదు. మరి నేను కాలు కింద పెట్టిన ప్రతిసారీ వాడికెలా తెలిసింది?

భయం ఏనాడో పోయింది. నాకున్నది కోపం. అది దయ్యమైతే దయ్యం మీద, మనిషైతే మనిషి మీద. ఆస్పత్రికి నడిచి పోయినా అక్కను అందుకునేదాన్ని.

బావ చాలా రోజులకు గానీ చెప్పలేదు. స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే అక్క చెయ్యి అడ్డం పెట్టి ఆపిందట. "కాసేపు ఉండండి, మా చెల్లి దారిలో ఉంది" అందట.

నేను దారిలో లేను. చీకట్లో కూర్చుని, కొట్టమంటే కొడుతూ, ఆపమంటే ఆపుతూ ఉన్నాను. ఎవరి మాట విన్నానో... ఇప్పటికీ నాకు తెలియదు.