షాహెదమ్మ బాట కొట్లాట

షాహెదమ్మకు కోపం వచ్చిందంటే, ఊళ్లో ఎవరైనా ముందు తమ తప్పేమిటో వెతుక్కుంటారు. తప్పు లేకపోయినా సరే. రెండెకరాల పల్లిచేనుతో ఆమె ఒక్కతే కుస్తీ పడుతుంది. మొగుడు మహబూబ్ ఎడమకాలు చిన్నప్పుడే పోలియోతో సన్నబడింది. చేతికర్ర ఊతంగా మెల్లగా నడిచి, ఆత్మకూరు రోడ్డు మీది తన కుట్టుమిషను దుకాణానికి వెళ్లొస్తాడు. ఇంటికీ రోడ్డుకూ మధ్య వాళ్ల చేను, చేను పక్కనే పన్నెండెకరాల బీడు. ఆ బీడులోంచే కాలిబాట. ఊరంతా నడిచే బాట.

రెండువేల ఏడు ఎండాకాలంలో ఆ బీడును ఎవరో హైదరాబాదాయన కొన్నాడు. ఆయన కనిపించలేదు. ఆయన పాతించిన రాళ్లు కనిపించాయి, వానలు పడ్డాక రాళ్లకు ముళ్లతీగ కనిపించింది, తీగ వెనక కుర్చీ వేసుకున్న కాపలా తిరుపతయ్య కనిపించాడు. చేన్లో పల్లి మొలిచి ఉంది, తొక్కడానికి లేదు. ఇక రోడ్డెక్కాలంటే వాగు చుట్టూ తిరిగి రెండు మైళ్లు. ఆ కాలితో రెండు మైళ్లా! మహబూబ్ ఒక వారం వాళ్ల సైకిలూ వీళ్ల సైకిలూ ఎక్కి పోయాడు. రెండో వారం దుకాణం తాళమే తియ్యలేదు. రంజాన్ నెల దగ్గర పడుతోంది. ఏడాది మొత్తంలో అతని మిషను ఊపిరాడకుండా తిరిగేది ఆ రోజుల్లోనే. షాహెదమ్మ నేరుగా కంచె దగ్గరికి పోయింది.

"తిరుపతయ్యా, కంచె తీస్తవా, తియ్యవా?"

"నాకేం తెల్వదమ్మా. సారు తియ్యొద్దన్నడు."

"నీ సారుకు బాట సంగతి తెల్వదు. నీకు గూడ తెల్వదా? నీ పెండ్లి బట్టలు మా ఆయన ఈ బాట మీద నడ్సి పోయే కదా కుట్టింది!"

తిరుపతయ్య తల వంచుకున్నాడు. పాపం, తియ్యొద్దన్న మాట అతనిది కాదు కదా.

ఆమె మండలాఫీసుకు పోయింది. ఒకసారి సారు మీటింగులో ఉన్నాడు. ఒకసారి సెలవులో ఉన్నాడు. మూడోసారి ఆమె అర్జీ కాగితం దొరికింది కానీ దానికి జిరాక్సు లేదన్నారు. నాలుగోసారి షాహెదమ్మ అన్నం గిన్నెతో వెళ్లి గుమ్మం ముందే కూర్చుంది. తిని, గిన్నె కడుక్కొచ్చి, మళ్లీ అక్కడే కూర్చుంది.

"నక్ష బాటను మూసే హక్కు ఎవ్వనికి లేదు. వచ్చి కొల్వుండ్రి. నేనైతే ఈడికెల్లి లేవ."

నక్ష బాట అంటే పాతకాలపు ఊరి పటంలో గీత గీసి ఉన్న బాట. మరుసటి సోమవారం సర్వేయరు గొలుసు పట్టుకుని వచ్చాడు. ఊరు ఊరంతా పోగైంది. ఆయన పాత హద్దురాయి దగ్గర మొదలుపెట్టాడు. గొలుసు మాత్రం కంచె వైపు పోలేదు. నేరుగా పల్లిచేనులోకి దిగింది.

"అటెందుకు సారూ? బాట ఇటుంది!"

ఆయన మళ్లీ కొలిచాడు. మూడోసారి గొలుసు కొసను షాహెదమ్మే పట్టుకుంది. మూడుసార్లూ అదే లెక్క తేలింది.

"బీడుల బాటే లేదమ్మా. నక్ష బాట నీ చేన్ల ఉన్నది, హద్దు గెట్టు పొంటి, బండి పట్టేంత."

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. అరక బాలన్న మాత్రం నేలచూపులు చూస్తున్నాడు. ఆమె కాపురానికి వచ్చినప్పటి నుంచీ, అంటే ముప్పై ఏళ్లుగా, ఆ చేను దున్నేది అతనే. ప్రతి తొలకరికీ బాట అంచున అరక ఆపి ఆమె వైపు చూసేవాడు. ఆమె ప్రతిసారీ అదే మాట అనేది: "ఇంకొక్క సాలు పోనీ బాలన్నా." ఒక్క నాగటి సాలే కదా అనుకునేది. నడిచేవాళ్లు ఒక్క అడుగు బీడులోకి జరిగేవాళ్లు. బీడు అడిగే దిక్కు లేకుండా పడి ఉండేది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఊరి బాటను అడుగడుగుగా బీడులోకి నెట్టింది తనే.

సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి. కోపం అంతకంటే ఎక్కువగా వచ్చింది. ఈసారి తిట్టడానికి ఎదురుగా ఎవరూ లేకపోవడం మరీ చిరాకు పెట్టింది.

"పంట తీసేదాక ఆగుదాం తియ్యమ్మా, రెండు నెలలే కదా" అన్నాడు సర్వేయరు.

"ఆగుదాం షాహెదా. పల్లికి ఊడలు దిగినయి" అన్నాడు హద్దురాయి మీద కూర్చున్న మహబూబ్.

రెండు నెలలంటే రంజాన్ దాటిపోతుంది. షాహెదమ్మ కొంగు నడుముకు చెక్కి, వంగి, మొదటి మొక్క పీకింది. వేళ్లకు తెల్లటి పిందెలు వేలాడుతున్నాయి. వాటిని చూస్తే ఏడుపొచ్చింది. చూడకుండా పక్కకు విసిరి రెండోది పీకింది. బాలన్న వచ్చి పక్కన వంగాడు. కాసేపటికి తిరుపతయ్య కూడా కంచె దాటి వచ్చాడు.

"సక్కగ పీకుండ్రి! వంకర పోతే మల్ల కొల్వాలె" అని ఇద్దరినీ కసిరింది.

పొద్దు గూకేసరికి బాట తేలింది. మర్నాడు దుకాణం తెరుచుకుంది.

తర్వాతి తొలకరికి బాలన్న అరక బాట అంచు దాకా వచ్చింది. చేతికర్రతో మహబూబ్ అప్పుడే బాట మీద పోతున్నాడు. బాలన్న అలవాటుగా ఆగి ఆమె వైపు చూశాడు.

"ఏం చూస్తవు? మళ్లించు!"

అతను పగ్గం లాగాడు. ఎడ్లు మాత్రం ఏటా వేసినట్టే ఇంకో అడుగు ముందుకే వేశాయి. షాహెదమ్మ పరుగున వచ్చి వాటికి అడ్డం నిలబడింది. రెండిటి కొమ్ములూ పట్టుకుని, బలమంతా పెట్టి వెనక్కి నెట్టింది.

"మీకు గూడ నేనే నేర్పితినా!"