డిపో పిల్ల

స్కూలు వ్యానులో ఆయమ్మ పనంటే పిల్లల్ని ఎక్కించడం, దించడం, మధ్యలో ఒకడి జుట్టు ఇంకొకడి పిడికిట్లోంచి విడిపించడం అనుకుంటారు. అంతే, కాదనను. కానీ ఆఖరున ఇంకో పని ఉంటుంది. సాయంత్రం పిల్లలందరినీ దించేసి వ్యాను బడి వెనక షెడ్డుకి చేరాక, ఆయమ్మ ప్రతి సీటూ చూడాలి, వంగి సీటు కిందా చూడాలి. నిద్రపోయిన పిల్ల ఎవరైనా మిగిలిపోతే ఇంకేమన్నా ఉందా! అందుకని అంతా చూసి, దిగి, డ్రైవరుతో "ఖాళీ" అని చెప్పాలి. ఆ మాట వినబడ్డాకే డ్రైవరు తలుపుకి తాళం వేస్తాడు. అదీ అక్కడి పద్ధతి.

మన ఆయమ్మకి ఆ ఒక్క మాట అనడానికి తల ప్రాణం తోకకొచ్చేది. చూసి దిగేది. దిగిన మరుక్షణం లోపల ఒక గొంతు మొదలెట్టేది. సరిగ్గా చూశావా? చివరి సీటు కింద నల్లగా కనబడింది, అది నీడేనా? మళ్లీ ఎక్కేది. మళ్లీ దిగేది. ఎలాగో "ఖాళీ" అనేసి బస్టాపు దాకా వెళ్లి, అక్కణ్ణించి పరుగులాంటి నడకతో వెనక్కి వచ్చేది. డ్రైవరు అప్పటికి ఇల్లు చేరి చొక్కా విప్పుకుని ఉండేవాడు. ఫోను మోగగానే అతనికి అర్థమైపోయేది.

"అక్కా, పిల్లలెవరూ లేరు. నా మాట నమ్ము."

"నమ్ముతా తమ్ముడూ, ఒక్కసారి తలుపు తీసి పుణ్యం కట్టుకో."

పాపం, మంచివాడు కాబట్టి వచ్చేవాడు. దారి పొడుగునా తిట్టుకుంటూనే వచ్చేవాడనుకోండి.

ఈ పోరుతో ఆవిడ ఒళ్లు హూనమైపోయింది. కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగదు, పక్కమీద వాలితే కునుకు పట్టదు. ఇంటికెళ్లే బస్సులో సీటు ఖాళీగా ఉన్నా కూర్చునేది కాదు, రాడ్డు పట్టుకుని వేలాడుతూ వెళ్లేది. కూర్చుంటే కళ్లు మూతపడతాయని భయం. ఆ పాడు భయం ఈనాటిది కాదు, కానీ ఆ సంగతి ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

చివరికి విషయం హెడ్‌మిస్ట్రెస్ చెవిన పడింది. ఆవిడేమీ రాక్షసి కాదు. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి మరీ చెప్పింది. "ఒక్కసారి చూడండి, సరిగ్గా చూడండి, దిగిపోండి. మళ్లీ మళ్లీ ఎక్కినట్టు నాకు తెలిస్తే మిమ్మల్ని వ్యాను మీంచి తీసి స్టోరు గదిలో వేస్తాను. డ్రైవరుకీ ఇల్లూ వాకిలీ ఉన్నాయి కదమ్మా."

స్టోరు గది అంటే సుద్దముక్కల పెట్టెలు, విరిగిన బల్లలు. పిల్లల కేకలుండవు, "ఆయమ్మా, వీడు నన్ను గిల్లాడు" ఉండదు. ఆ వ్యాను తప్ప పొద్దున్నే లేవడానికి ఆవిడకి వేరే కారణం లేకుండా పోయి చాలా కాలమైంది.

ఆ బడిలో కౌన్సెలర్ మేడం ఒకావిడ ఉంది, చిన్నపిల్ల, ఆయమ్మకి కూతురయ్యే ఈడు. ఏడుపు ఆపని పిల్లల్ని ఆవిడ గదికి తీసుకెళ్లడం ఆయమ్మ పనే. ఒకరోజు అలా పిల్లాణ్ణి అప్పజెప్పి, వెళ్తూ వెళ్తూ అలవాటుకొద్దీ మేడం బల్ల కింద వంగి చూసింది. మేడం అది గమనించింది. మర్నాడు తీరిక వేళ పిలిచి ఎదురుగా కూర్చోబెట్టింది.

వ్యాను సంగతంతా విని అంది, "ఆ భయం మీరు కాదమ్మా. మీలో ఒకరు. నలుగురున్న ఇంట్లో ఒకరు గొంతు పెంచితే ఇల్లంతా అరుస్తున్నట్టే ఉంటుంది చూడండి, అలాగ."

'బయటి సంసారం చాలదని లోపల కూడా ఒకటా నా మొహానికి!' అనుకుంది ఆయమ్మ. మేడం మళ్లీ అడిగింది.

"అది మొదలెట్టినప్పుడు మీరేం చేస్తారు?"

"నోరు మూసుకోమంటాను మేడం. సిగ్గులేదా అంటాను. పెద్దదానివయ్యావు, బుద్ధి రాలేదా అంటాను."

"మరి వ్యానులో ఒక పిల్ల భయపడి ఏడిస్తే?"

ఆయమ్మకి కోపమొచ్చింది. "ఏడ్చే పిల్లని ఎవరన్నా తిడతారా? పక్కన కూచోబెట్టుకుంటాను. వీపు రాస్తాను. ఏం నాన్నా, ఏమైంది అంటాను."

ఆయమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంటూ నేలచూపులు చూసింది.

"ముందు ఆ తిట్టే గొంతుని కాస్త పక్కకి జరగమని అడగండి," అంది మేడం. "మర్యాదగానే అడగండి, అది కూడా మీ మంచికే అరుస్తోంది. అప్పుడు ఆ భయపడేదాన్ని చూడండి. దాని వయసెంత ఉంటుందంటారు?"

"ఏమో మేడం," అంది ఆయమ్మ.

అబద్ధం. ఆవిడకి తెలుసు. ఆరేళ్లు.

అప్పుడు వాళ్లమ్మ చంకలో ఒకణ్ణి, చేత్తో ఇంకొకణ్ణి, నెత్తిన మూటనీ పట్టుకుని బస్సు దిగిపోయింది. పెద్దపిల్ల కిటికీ పక్కన నిద్రపోతూ ఉండిపోయింది. మెలకువ వచ్చేసరికి బస్సు డిపోలో ఉంది, లోపల ఎవరూ లేరు, తలుపు మూసి ఉంది. బస్సులు కడిగే మనిషి వచ్చేదాకా ఆ పిల్ల ఎంత ఏడ్చిందో ఎవరికీ తెలీదు. తల్లి ఏడుస్తూ పరిగెత్తుకొచ్చి, వచ్చీ రాగానే చెంప ఛెళ్లుమనిపించింది. "మొద్దు నిద్ర మొహమా! కళ్లు తెరుచుకుని చావలేవూ!" అంది. ఆ తర్వాత అది ఇంట్లో నవ్వులాటైంది. నలుగురు చుట్టాలు చేరితే చాలు, "మా డిపో పిల్ల వచ్చిందర్రా" అనేవాళ్లు. తనూ నవ్వేది. ఇప్పటికీ నవ్వుతుంది.

సరే, హెడ్‌మిస్ట్రెస్ గారికి సరేనని మాట ఇచ్చాక నాలుగు రోజులు ఆయమ్మ పళ్లు బిగబట్టి ఒక్కసారే చూసి దిగింది. ఆ నాలుగు రోజులూ ఆవిడ ఎలా బతికిందో ఆ దేవుడికే తెలియాలి. అయిదో రోజు సాయంత్రం కూడా చూసింది, దిగింది, "ఖాళీ" అంది. డ్రైవరు మొహం కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్లాడు. చివరి సీటు. చివరి సీటు కింద కుడిపక్క చూశావు, ఎడమ పక్క చూశావా? ఇక ఆగలేకపోయింది. పిల్లిలా ఎక్కి, వెనక్కి వెళ్లి, మోకాళ్ల మీద వంగి సీటు కింద తల దూర్చింది.

అప్పుడే ధడేలుమని తలుపు పడింది.

ఆ క్షణంలో "తమ్ముడూ!" అని ఒక్క కేక వేస్తే సరిపోయేది. వెయ్యలేదు. మళ్లీ ఎక్కానని తెలిస్తే స్టోరు గదే కదా అని ఊపిరి బిగబట్టి, దొంగలా సీటు కిందే ఉండిపోయింది. తాళం పడింది. అతను ఈల వేసుకుంటూ వెళ్లిపోయాడు. అప్పటికిగానీ ఆవిడకి తట్టలేదు, ఆ తలుపు లోపల్నించి తెరుచుకోదని. పిల్లలు తీసేస్తారని లోపలి పిడి ఎప్పుడో పీకేయించారు. డ్రైవరు సీటుకి అడ్డంగా ఇనుప జాలీ, హారను దాకా చెయ్యి వెళ్లదు. కిటికీలకి ఊచలు. ఫోనేమో సంచీలో, సంచీ గేటు గదిలో.

అరిచింది. గాలైతే వస్తోంది గానీ, మైదానంలో ఆడుకునేవాళ్ల గోలలో ఆవిడ కేక కలిసిపోయింది. వెలుగు తగ్గుతోంది. గుండె దడదడలాడింది. వెంటనే తిట్లు మొదలయ్యాయి. నీకిలాగే కావాలి, మొద్దు మొహమా, కళ్లు తెరుచుకుని చావలేవూ.

ఆ గొంతు ఎవరిదో అప్పుడు గుర్తుపట్టింది.

"అమ్మా," అంది పైకే. "నువ్వు కాస్త పక్కకి జరుగు. నేను చూసుకుంటాను."

వింటుందనుకోలేదు. కానీ గొంతు తగ్గింది. ఆయమ్మ చివరి సీట్లో కూలబడి, పక్కన ఖాళీ జాగా చేత్తో తట్టింది, రోజూ పిల్లలకి తట్టినట్టే. "రా నాన్నా. ఇలా కూర్చో."

ఎవరూ లేరని ఆవిడకి తెలుసు. అయినా చెంప మీద కిటికీ ఊచ అచ్చు పడిన పిల్ల కళ్లముందు కదిలింది. జడ ఊడిపోయి ఉంది. ఏడ్చి ఏడ్చి ఎక్కిళ్లు పెడుతోంది.

"నీకు నిద్రొచ్చింది, పడుకున్నావు. అంతేగా. పిల్లలన్నాక పడుకోరూ? నిన్ను చూసుకుని దించాల్సింది పెద్దవాళ్లు. అమ్మకి చేతులు ఖాళీ లేవు, పాపం ఆవిడ మాత్రం ఏం చేస్తుంది. కానీ తప్పు నీది కాదు తల్లీ. నీది కాదు."

ఈ మాట ఇన్నేళ్లలో ఎవరూ అనలేదు. ఆవిడకి ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు. "ఇన్నాళ్లూ పడుకోకుండా కాపలా కాశావు," అంది ముక్కు తుడుచుకుంటూ. "ఒక్క పిల్లని కూడా మిగలనివ్వలేదు. అలిసిపోయుంటావు. నేనిక్కడే ఉన్నాను, ఎక్కడికీ పోను, కాసేపు పడుకో." తన మోకాలి మీద తనే మెల్లిగా జో కొట్టుకుంటూ కూర్చుంది. ఎప్పుడు నెమ్మదించిందో తెలీదు, గుండె దడ తగ్గింది.

చీకటి పడుతుండగా కిటికీ అవతల డ్రైవరు మొహం కనబడింది. "అక్కా!" అని గావుకేక పెట్టి అద్దం మీద దబదబా బాదాడు.

ఆయమ్మ పెదాల మీద వేలు పెట్టింది. "మెల్లిగా. ఇప్పుడే పడుకుంది."

అతని మొహం పాలిపోయింది. "ఎవరు? పిల్ల ఉండిపోయిందా? ఓరి దేవుడా!"

"పిల్ల కాదు... నేనే. తలుపు తియ్యి తమ్ముడూ, నడుం పట్టేసింది."

తీసి, చెయ్యి పట్టుకుని దించాడు. "టీ కొట్టు దాకా వెళ్లానా, తాళం వేశానా లేదా అని అనుమానం. ఎప్పుడూ లేదు నాకిలాంటి పీడ. నీ జబ్బు నాకూ అంటించావక్కా," అన్నాడు. మళ్లీ తనే, "అంటించబట్టే వచ్చాను," అన్నాడు.

ఇద్దరూ షెడ్డు మెట్టు మీద కూర్చున్నారు.

"హెడ్‌మిస్ట్రెస్ గారికి చెప్పేస్తాను. మాట తప్పాను," అంది ఆయమ్మ.

"చెప్పు. మనిషి లోపలుండగా చూడకుండా తాళమేశాడని నా సంగతీ చెప్పు. నా ఉద్యోగం ముందు పోతుంది," అన్నాడు. తర్వాత తల గోక్కుంటూ, "రేపు ఇద్దరం కలిసే చెబుదాం. ఇకమీదట నువ్వు చూశాక నేనూ ఒకసారి చూసి తాళం వేస్తాను. అప్పుడైనా నీకు శాంతిగా ఉంటుందా?"

"నాకుంటుంది. దాన్ని అడిగి చెబుతాను."

అతనికి అర్థం కాలేదు. తలూపాడు.

బస్సులో ఆ వేళ జనం పల్చగా ఉన్నారు. ఆయమ్మ రాడ్డు పట్టుకుని కాసేపు నిలబడింది. లోపల ఒకటి కదిలింది, నిద్రపోతావేమో సుమా అని. తెలుసు నాన్నా, అనుకుంది. కిటికీ పక్క సీట్లో కూర్చుని, టికెట్టు కొట్టడానికొచ్చిన కండక్టరుతో తన స్టాపు పేరు చెప్పింది. తర్వాత, ఎవరినీ ఎన్నడూ అడగని మాట అడిగింది.

"నేను పడుకుంటాను బాబూ. స్టాపొస్తే కాస్త లేపుతావా?"

"అలాగేనమ్మా," అన్నాడతను.

కిటికీ ఊచకి చెంప ఆనించింది. రెండో మలుపు ఎప్పుడొచ్చిందో ఆవిడకి తెలీదు. భుజం మీద చెయ్యి పడ్డప్పుడు మాత్రం ఉలిక్కిపడలేదు.

"లేవండమ్మా, మీ స్టాపొచ్చింది," అన్నాడు కండక్టరు. ఆవిడ దిగేదాకా బెల్లు కొట్టలేదు.