ఎర్ర గుర్రం అమ్మమ్మ

ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా పెదనాన్న, ఏ రేసు గుర్రం మాటొచ్చినా ముందు చూపుడువేలు ఎత్తి, "దీని తల్లి పేరేటి?" అనేవాడు. రైల్వే గార్డుగా రిటైరయ్యాక, పాస్ మీద కోల్‌కతా రేసులకి వెళ్లడమే ఆయన పని. అక్కడొక ఎర్ర ఆడగుర్రమంటే ఆయనకి ప్రాణం. దాని తల్లి గెలిచిన పందేలు, అమ్మమ్మ ఓడెక్కి వచ్చిన దేశం, అన్నీ భోజనం దగ్గర పెద్దమ్మకి అప్పజెప్పేవాడు. ఆవిడ వడ్డిస్తూ వినేది.

వరసగా గెలుస్తున్న ఆ గుర్రానికి ఒక పందెంలో కాలు విరిగింది. సూదేసి చంపేశారు. పెదనాన్న కంచం తోసేసి ఏడ్చాడు.

"అలాటి పుటక మరి పుట్టదే!"

పెద్దమ్మే కొంగుతో ఆయన కళ్లు తుడిచింది.

పెద్దమ్మ తల్లి చివరిదాకా ఆ ఇంట్లోనే అంట్లు తోమింది. పెదనాన్న ఆవిణ్ని 'ముసిల్దానా' అనే పిలిచేవాడు.

తర్వాత పెద్దమ్మా పోయింది. మా చర్చిలో సమాధి చేసేముందు, పోయినవాళ్ల జీవితాన్ని తల్లిదండ్రుల పేర్లతో మొదలుపెట్టి చదువుతారు. పాస్టరుగారు పెన్ను తీసి, "అమ్మగారి తల్లి పేరు చెప్పండి" అన్నారు.

పెదనాన్న అలవాటుగా వేలు ఎత్తాడు. ఎత్తిన వేలు అలాగే ఉంచి మా వైపు తిరిగాడు.

"దీని తల్లి పేరేట్రా?"